నేషనల్స్ టికెట్ కొనాలా వద్దా? విచిటా వెళ్లొచ్చిన మా అనుభవం

2026 జనవరిలో సెయింట్ లూయిస్‌లో అమెరికా ఫిగర్ స్కేటింగ్ నేషనల్స్, అంటే జాతీయ పోటీలు ఉన్నాయి, 4 నుంచి 11 వరకు, ఆ తర్వాత నెలలోనే మిలాన్ ఒలింపిక్స్. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా పాపతో పాటు రింక్‌కి వచ్చే పిల్లల అమ్మలు ఇప్పటికే ముగ్గురు నలుగురు అడిగారు, "పోయినసారి మీరు విచిటా వెళ్లారు కదా, అంత దూరం వెళ్లి చూసేంత ఉందా, టీవీలో చూస్తే చాలదా" అని. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. వెళ్లండి. నా వరకు 5కి 4 ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటి ఎందుకో చెప్పాలంటే మాత్రం కొంచెం పొడుగ్గా రాయాలి, ఎందుకంటే అది సీట్ల గురించో పార్కింగ్ గురించో కాదు.

2025 నేషనల్స్ కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో జరిగాయి, ఆ జనవరిలో వెళ్లాం. నేను, మా ఆయన, పదకొండేళ్ల పాప, అప్పుడే విజయవాడ నుంచి ఆరునెలలకి వచ్చిన మా అమ్మ. డాలస్ వైపు నుంచి ఐ-35 పట్టుకుని ఓక్లహోమా సిటీ మీదుగా పైకి వెళ్తే ఐదున్నర గంటల దారి, మధ్యలో రెండుసార్లు ఆగితే ఇంకాస్త. వారం మొత్తానికి టికెట్ ఉంటుంది, విడివిడిగా కూడా ఉంటాయి. మేం మహిళల షార్ట్ ప్రోగ్రామ్, మహిళల ఫ్రీ స్కేట్, ఈ రెండే కొన్నాం (మొదటిది చిన్నది, రెండోది పొడుగైనది, రెండింటి మార్కులూ కలిపి విజేత తేలుతుంది). షార్ట్ గురువారం, ఫ్రీ శుక్రవారం. పాపకి రెండు రోజులు బడి పోయింది, టీచర్‌కి ఉన్నదున్నట్టు రాశాను, ఆవిడ "వచ్చాక క్లాసులో చెప్పమనండి" అంది.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. మేం ఫ్రీ స్కేట్ టికెట్లు ఆలస్యంగా ఒక రీసేల్ యాప్‌లో కొన్నాం. మొదట చూపించిన ధర వేరు, చివరి పేజీలో ఫీజులన్నీ కలిపి చూపించిన ధర వేరు. పైగా రెయిలింగ్ అడ్డం వచ్చే సీటుకి ఎక్కడా ఆ మాట రాయలేదు, అమ్మ రెండు గంటలు మెడ చాపుకుని చూసింది. అధికారికంగా అమ్మేచోటే, ముందుగానే కొనుక్కోండి.

సీట్లు ఎక్కడ తీసుకోవాలో నాకు వెళ్లకముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, అందుకే వివరంగా రాస్తున్నా. రింక్ పొడుగు వైపు ఒకవైపున జడ్జీలు కూర్చుంటారు. స్కేటర్లు ప్రోగ్రామ్‌లో ఎక్కువగా అటే చూస్తారు, నవ్వినా చేతులు చాచినా అటే. కాబట్టి జడ్జీల వెనక వైపు సీట్లయితే మొహాలు కనపడతాయి, ఎదుటి వైపయితే వీపులు ఎక్కువ. కింది వరసల్లో వేగం తెలుస్తుంది, పై వరసల్లో ఆ అమ్మాయి మంచు మీద ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో, రింక్‌ని ఎంత వాడుకుందో ముగ్గులాగా కనపడుతుంది. షార్ట్‌కి పైన కూర్చున్నాం, ఫ్రీకి కింద మూలగా కూర్చున్నాం. నన్నడిగితే మూలే మంచిది. లట్జ్ అనే జంప్‌కి వెనక్కి పొడుగ్గా జారుకుంటూ మూల దాకా వచ్చి ఎగురుతారు చాలామంది, అది సరిగ్గా మన ముందే జరుగుతుంది.

టీవీలో ఎన్నేళ్లు చూసినా తెలియనివి రెండు ఉన్నాయి, ఒకటి వేగం, రెండోది చప్పుడు. కెమెరా స్కేటర్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి ఇంట్లో చూస్తున్నప్పుడు ఆ అమ్మాయి ఒకేచోట ఉన్నట్టుంటుంది, వెనక గోడలు కదులుతుంటాయి. అక్కడ కూర్చుంటే రింక్ ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగైదు అడుగుల్లో వెళ్లిపోతుంటారు. బ్లేడు అంచు మీద ఒరిగినప్పుడు మంచు కోసుకుపోయే చప్పుడు ఒకటి వస్తుంది, గుడ్డ చింపినట్టు, బాగా స్కేట్ చేసేవాళ్లకి అది మెత్తగా, లోతుగా వస్తుంది. అంతగా రానివాళ్లకి గరగరమంటుంది. మా పాప కోచ్ ఎప్పుడూ "ఎడ్జ్ వినపడాలి" అంటుంటాడట, ఆ మాట ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇంకొకటి, వార్మప్ అస్సలు వదలకండి. ఆరుగురు చొప్పున ఒక గ్రూపు, ఆరు నిమిషాలు. చాలామంది ఆ టైములో పాప్‌కార్న్ కోసం లేచి వెళ్లారు, నాకు బాధేసింది. ఒకే మంచు మీద ఆరుగురు, అందరి మనసులో ఒకటే, అందరూ ఒకరి దారిలోంచి ఒకరు తప్పుకుంటూ తమ కష్టమైన జంప్ ఒకసారి వేసి చూసుకుంటారు. పడ్డవాళ్లు లేచి, మంచు దులుపుకుని, నేరుగా కోచ్ దగ్గరికి వెళ్లి రెండు మాటలు విని మళ్లీ అదే జంప్‌కి వెళ్తారు. టెన్షన్ అంతా అక్కడే కనపడుతుంది. అసలు ప్రోగ్రామ్‌లో అయితే దాన్ని దాచేస్తారు.

అమ్మకి స్కోరింగ్ చెప్పడం నా పని. చాలా తేలికగా ఇలా చెప్పాను. ఒక్కో జంప్‌కి ఒక ధర ఉంటుందమ్మా, గాల్లో మూడు చుట్లు తిరిగే ట్రిపుల్ లట్జ్‌కి 5.9, ట్రిపుల్ ఆక్సెల్‌కి 8. ఎంత బాగా చేశారన్నదాన్ని బట్టి జడ్జీలు ఆ ధరకి కలుపుతారు లేదా తీసేస్తారు. పడితే విడిగా ఒక పాయింట్ పోతుంది. చుట్టు పూర్తిగా తిరగకుండా దిగితే ధరే తగ్గిపోతుంది. ఇవి కాక కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం, ఈ మూడింటికీ వేరే మార్కులు. ఆక్సెల్ ఒక్కటే ముందుకి చూస్తూ ఎగిరే జంప్, అందుకని మిగతా వాటికంటే అరచుట్టు ఎక్కువ, ట్రిపుల్ ఆక్సెల్ అంటే మూడున్నర చుట్లు. మా పాప ఇంకా సింగిల్ ఆక్సెల్ దగ్గరే ఉంది, ఒకటిన్నర చుట్టు, దానికే ఎనిమిది నెలలుగా మోకాళ్లు నల్లబడుతున్నాయి. అమ్మ దాని మోకాళ్లు చూసింది కాబట్టి ఇంకేమీ అడగలేదు.

అరీనాలో కామెంటరీ ఉండదు, బోర్డు మీద మొత్తం మార్కులు మాత్రం పడతాయి. ఫోన్లో లైవ్ ఫలితాల పేజీ తెరిచి పెట్టుకోండి, ఏ జంప్‌కి ఎంత ఇచ్చారో తర్వాత అందులో చూసుకోవచ్చు.

పోటీ సంగతి. అంబర్ గ్లెన్ మా పక్క ఊరు ప్లేనోలో పుట్టిన అమ్మాయి, 2024 చాంపియన్, విచిటాకి నెలన్నర ముందే ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గ్రాండ్ ప్రి ఫైనల్ అనే పెద్ద అంతర్జాతీయ పోటీ గెలిచి వచ్చింది. డాలస్ నుంచి వచ్చినవాళ్లం ఆమెకోసం గొంతు పోయేలా అరిచాం. అలీసా లియు కథ వేరు. పదమూడేళ్లకే 2019లో అమెరికా చాంపియన్ అయింది, తర్వాతి ఏడాది మళ్లీ గెలిచింది, బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్లింది, 2022 వరల్డ్స్‌లో, అంటే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, కాంస్యం తెచ్చుకుంది, తెచ్చుకుని పదహారేళ్లకే ఆట మానేసింది. రెండేళ్లు పూర్తిగా మానేసి, తనంతట తను మళ్లీ వచ్చింది. షార్ట్ తర్వాత లియునే ముందుంది, గ్లెన్ వెనకబడింది. శుక్రవారం రాత్రి లెక్క తేలేసరికి గ్లెన్‌కి 216.79, లియుకి 215.33. తేడా 1.46. ట్రిపుల్ ఆక్సెల్ ఒక్కదాన్ని పావు చుట్టుకి మించి తక్కువ తిరిగి దిగితే దాని 8 పాయింట్లు 6.4 అయిపోతాయి, అంటే అక్కడే 1.6 పోతుంది. అంత సన్నటి తేడాతో ఒకరు చాంపియన్, ఒకరు కాదు. మేమంతా నిలబడే ఉన్నాం, అమ్మ కూడా, శాలువా కిందపడిపోయినా చూసుకోలేదు.

మూడో స్థానం సారా ఎవర్‌హార్ట్‌ది. అమ్మకి ఆ అమ్మాయి మహా నచ్చింది. "ఎంత నిదానంగా, ఎంత పొందికగా చేసిందే, ఎక్కడా హడావిడి లేదు" అని హోటల్‌కి వచ్చాక కూడా అదే మాట. వరల్డ్స్‌కి అమెరికా నుంచి ముగ్గురు అమ్మాయిలు వెళ్తారని నేను అప్పటికే చెప్పి ఉన్నాను, అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది, గ్లెన్, లియు, ఈ పిల్ల.

జట్టు ప్రకటించాక చూస్తే గ్లెన్, లియు, ఇసబో లెవిటో. లెవిటో అసలు విచిటా రానేలేదు, పాదం గాయంతో తప్పుకుంది. ఎవర్‌హార్ట్‌కి పతకం ఉంది, సీటు లేదు.

అమ్మ అడిగిన మొదటి మాట, "మరి మనం చూసిందేమిటే?"

నేను తగ్గించిన పాయింట్ ఇదే. నేషనల్స్ అంటే ఎంపిక పోటీ అనుకుని టికెట్ కొంటాం. కానీ అది పతకాల పోటీ. జట్టుని ఎంపిక చేసేది కమిటీ, వాళ్లు ఈ ఒక్క పోటీనే కాకుండా అంతకుముందు అంతర్జాతీయ పోటీల్లో ఎవరు ఎలా చేశారో అన్నీ చూసుకుని పేర్లు పెడతారు. దీనికి నియమాలు రాసే ఉన్నాయి, దాచిపెట్టిందేమీ లేదు. కానీ నాలాగా మొదటిసారి టికెట్ కొనే మనిషికి ఆ ముక్క ముందు తెలియదు. రెండు రోజులు ఆ అమ్మాయిల పక్కనే ఊపిరి బిగబట్టి కూర్చున్న నా కూతురికి, మా అమ్మకి నేను సమాధానం చెప్పలేకపోయాను. పోటీ మొదలయ్యే ముందు అరీనాలో ఒక్క రెండు నిమిషాలు మైకులో చెప్తే చాలు, ఇవాళ గెలిచినవాళ్లకి పతకం, జట్టులో చోటుకి మాత్రం ఇవి కూడా లెక్కకొస్తాయి అని. చూసేవాళ్లకి అంత గౌరవం ఇవ్వాలి.

ఇంటికొచ్చాక కూర్చుని పాతవన్నీ చదివాను. ఇది కొత్తేం కాదు. 2014లో బోస్టన్ నేషనల్స్‌లో గ్రేసీ గోల్డ్ మొదట, పోలీనా ఎడ్మండ్స్ రెండు, మిరాయ్ నగాసు మూడు, యాష్లీ వాగ్నర్ నాలుగు. సోచీ ఒలింపిక్స్‌కి పంపింది గోల్డ్‌ని, ఎడ్మండ్స్‌ని, వాగ్నర్‌ని. నగాసు ఇంట్లో కూర్చుని చూసింది. ఆ తర్వాత ఆమె చేసింది నాకు చాలా ఇష్టం. ట్రిపుల్ ఆక్సెల్ నేర్చుకుంది, 2018 నేషనల్స్‌లో రెండో స్థానం తెచ్చుకుంది, ప్యోంగ్‌చాంగ్ వెళ్లి ఒలింపిక్స్‌లో ట్రిపుల్ ఆక్సెల్ దిగిన మొదటి అమెరికా అమ్మాయి అయింది. అదే 2018లో వాగ్నర్‌ది మళ్లీ నాలుగో స్థానం, ఈసారి ఆమెని పంపలేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం 2021. ఆ ఏడాది వరల్డ్స్‌కి అమెరికాకి రెండే చోట్లు. నేషనల్స్‌లో బ్రేడీ టెన్నెల్ మొదటి స్థానం, అంబర్ గ్లెన్ రెండు, కారెన్ చెన్ మూడు. పంపింది టెన్నెల్‌ని, చెన్‌ని. అవును, మేం గొంతు పోయేలా అరిచిన గ్లెన్, రెండో స్థానం తెచ్చుకుని కూడా ఆ ఏడాది ఇంట్లోనే ఉండిపోయింది. అప్పుడు కమిటీ మీద నాకు కోపం వచ్చింది, కానీ పూర్తిగా చదివాక కోపం అంత సులువుగా నిలవలేదు. ఎందుకంటే ఆ వరల్డ్స్‌లో చెన్ నాలుగో స్థానంలో వచ్చింది, టెన్నెల్ తొమ్మిదిలో.

ఈ అంకెలు ఎందుకు ముఖ్యమో చెప్తాను, ఇది తెలిస్తేనే మీకు సెయింట్ లూయిస్‌లో ఏం జరుగుతుందో అర్థమవుతుంది. ఒక దేశం నుంచి ఎంతమంది వెళ్లాలన్నది ముందటి ఏడాది వరల్డ్స్‌లోనే తేలుతుంది. ఇద్దరి స్థానాలు కలిపితే 13 లేదా అంతకంటే తక్కువ రావాలి, అప్పుడు తర్వాతి ఏడాదికి మూడు చోట్లు దొరికే అవకాశం. ముగ్గురు వెళ్తే బాగా చేసిన ఇద్దరిదే లెక్క. 28 దాకా అయితే రెండు. 2021లో నాలుగూ తొమ్మిదీ కలిపితే సరిగ్గా 13. ఒక్క స్థానం వెనకబడినా పోయేది. బీజింగ్ ఒలింపిక్స్‌కి ఆ మూడో చోటు ఖాయం కావడానికి ఇంకో పోటీకి కూడా వెళ్లాల్సి వచ్చింది, అదే ఏడాది నెబెల్‌హార్న్ ట్రోఫీలో అలీసా లియు గెలిచి దాన్ని తెచ్చింది. అంటే కమిటీవాళ్లు ఇవాళ ఎవరు గెలిచారని మాత్రమే కాదు, వచ్చే ఏడు ఇంకో అమ్మాయికి చోటు ఎవరు సంపాదించి పెట్టగలరని కూడా చూస్తారు. 2024 వరల్డ్స్‌లో లెవిటోకి రజతం వచ్చింది, గ్లెన్ పదో స్థానం, కలిపితే 12. విచిటాలో మేం ముగ్గురి కోసం ఎదురుచూశామంటే అందులో పెద్ద వాటా, ఆ రోజు అక్కడ లేని లెవిటోదే.

మా ఆయనకి ఇదంతా చెప్తే ఆయన ఒకటే అన్నాడు, "మన రాయుడు సంగతి గుర్తులేదా." 2019 ప్రపంచకప్‌కి అంబటి రాయుడిని పక్కన పెట్టినప్పుడు మా ఇంట్లో వారం రోజులు అదే గొడవ, రాయుడు గుంటూరు వాడే, అప్పటి సెలెక్టర్ల చైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్ కూడా గుంటూరు వారే, అందుకని మా మామగారింట్లో ఇంకా ఎక్కువ. జట్టు ఎంపిక ఏ ఆటలోనైనా ఇలాగే మనసుని కోస్తుంది. కాకపోతే క్రికెట్‌లో పదిహేను మంది, ఇక్కడ ముగ్గురు. క్రికెట్‌లో ఇంకో సిరీస్ ఉంటుంది, ఇక్కడ ఒలింపిక్స్ నాలుగేళ్లకోసారి, ఈ అమ్మాయిల వయసుకి నాలుగేళ్లంటే చాలా ఎక్కువ.

మార్చిలో బోస్టన్ వరల్డ్స్ ఇంట్లో టీవీలో చూశాం. లియు గెలిచింది, 2006 తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన మొదటి అమెరికా అమ్మాయి. వరసగా మూడేళ్లు గెలిచిన జపాన్ అమ్మాయి కవోరి సకమోటో రెండు, మోనే చిబా మూడు. లెవిటో నాలుగు, గ్లెన్ ఐదు. మిలాన్‌కి మూడు చోట్లూ వచ్చేశాయి. కమిటీ తప్పు చేయలేదనే అనాలి. అమ్మ మాత్రం "ఆ పిల్ల వెళ్లినా బాగానే చేసేది" అంది, దానికి నా దగ్గర జవాబు లేదు, వెళ్లనివాళ్లు ఎలా చేసేవాళ్లో ఎవరూ చెప్పలేరు.

రాయకుండా ఉండలేని విషయం ఇంకొకటి ఉంది. మేం తిరిగొచ్చిన కొద్దిరోజులకి, జనవరి 29 రాత్రి, విచిటా నుంచి వాషింగ్టన్ వెళ్తున్న విమానం దిగబోయే ముందు ఆర్మీ హెలికాప్టర్‌తో ఢీకొంది. 67 మంది పోయారు. అందులో 28 మంది స్కేటింగ్ వాళ్లు. నేషనల్స్ అయ్యాక చిన్న పిల్లలకి జరిపిన శిక్షణ శిబిరం నుంచి ఇళ్లకి వెళ్తున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, కోచ్‌లు. మా పాప రెండు రోజులు రింక్‌కి వెళ్లనంది. మూడో రోజు వెళ్లింది, అక్కడ పెద్దపిల్లలు మంచు మధ్యలో గుండ్రంగా నిలబడి ఉన్నారు, వీళ్లని కూడా చేయి పట్టి లోపలికి తీసుకున్నారు. ఇప్పుడు విచిటా అని ఎవరన్నా నాకు ఆ 1.46 కంటే ముందు ఆ పిల్లలే గుర్తొస్తారు.

సెయింట్ లూయిస్ వెళ్లేవాళ్లకి. మాకు దాదాపు పదిగంటల డ్రైవ్, పెద్దవాళ్లుంటే విమానమే నయం. లోపల చలి మీరనుకున్నదానికంటే ఎక్కువగానే ఉంటుంది, కింది వరసల్లో మరీను, చెవులు కప్పేది ఒకటి, మందపాటి సాక్సులు, కూర్చోడానికి చిన్న దుప్పటి తీసుకెళ్లండి. బయటి తిండి లోపలికి తేనివ్వరు, మేం పులిహోర కారులో పెట్టుకుని మధ్యలో వచ్చి తిన్నాం, అమ్మకి ప్రెట్జెల్ రుచించలేదు. నాలుగో స్థానానికి కూడా ప్యూటర్ పతకం ఇస్తారు, పతకాలిచ్చేదాకా ఉండండి, వెంటనే లేచిపోకండి. సెషన్ మధ్యలో మంచు చదును చేసే బండి వచ్చినప్పుడు పిల్లల్ని బాత్రూంకి తీసుకెళ్లండి, అంతకంటే మంచి టైము దొరకదు. వరల్డ్స్‌కైనా ఒలింపిక్స్‌కైనా వెళ్లాలంటే ఆ పోటీకి ముందొచ్చిన జూలై 1 నాటికి పదిహేడేళ్లు నిండి ఉండాలి, కాబట్టి జట్టు లెక్క వేసుకునేటప్పుడు ముందు వయసులు చూసుకోండి. పిల్లలకి ఈ ఎంపిక సంగతి కారులో వెళ్తూనే చెప్పేయండి, మాలాగా తర్వాత చెప్పకండి.

మేం మళ్లీ మహిళల షార్ట్, ఫ్రీ రెండూ తీసుకున్నాం, ఈసారి అధికారికంగా, రెండింటికీ మూలనే. అమ్మ విజయవాడలో ఉంది. టికెట్లు కొన్నామని చెప్తే అడిగింది, "ఆ మూడో పిల్ల వస్తోందా?" వస్తుందనే అనుకుంటున్నానమ్మా అన్నాను. ఫ్రీ స్కేట్ అప్పుడు మీకు తెల్లవారుజాము అవుతుంది, పడుకో, పొద్దున్నే ఫోన్ చేసి చెప్తాను అంటే ఒప్పుకోలేదు, అలారం పెట్టుకుంటానంది.